పాటిదిబ్బ మీద కుమ్మరి కోడలు

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి పక్కన ఊరికన్నా పెద్ద పాటిదిబ్బ. ఒకప్పుడది రాజులేలిన పట్నమట. కోటలూ పేటలూ, ఏనుగులూ లొట్టిపిట్టలూ అన్నీ మట్టయిపోయి, మట్టి గుట్టయిపోయింది. మిగిలినవల్లా దిబ్బ కొసన రాజుల సమాధులు. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఏనుగంత బండ మూతేసి, ముందు బండకి గుండ్రటి కన్నం తొలిచారు. మనుషులు కట్టలేరని వాటిని రాకాసి గుళ్ళనేవాళ్ళు. అటువైపు మేక కూడా మేతకి పోదు. ఊఁ అనండమ్మా, ఊఁ అనకపోతే కథ దారి తప్పుద్ది.

ఆ ఊళ్ళో పోలయ్యని ఒక కుమ్మరి. ఆయన కోడలు పేరిందేవి, ఎనిమిదో నెల గర్భిణి. మూడేళ్ళుగా వానల్లేవు. నీళ్ళు లేకపోతే మట్టి నానదు, మట్టి నానకపోతే సారె తిరగదు, సారె తిరగకపోతే కుండ లేవదు, కుండ లేవకపోతే కూడుడకదు. ఇక లాభం లేదు, ఉన్న పచ్చికుండలు పేర్చి, ఆఖరి ఆవం కాల్చుకుని వలస పోదామన్నాడు పోలయ్య. సారె అప్పుడే బండెక్కించేశాడు కూడా. ఆ ఎండల్లో, ఏ చెట్టుకింద కంటానో అని పేరిందేవికి బెంగ. పైకి చెప్పుకోలేదు.

ఆవం మీద కప్పడానికి పెంకులు కావాలిగా? రైతులు ఎరువుకని పాటిమట్టి తోలుకుని, అందులో పెంకులన్నీ దిబ్బ మీదే పారేస్తారు. అవి ఏరుకురమ్మని, రాకాసి గుళ్ళ వైపు మాత్రం పోవద్దని చెప్పి పంపింది అత్త. పేరిందేవి అటే పోయింది. మంచి పెంకులన్నీ అటే ఉన్నాయి మరి.

పోయి, కన్నంలోంచి తొంగిచూసింది. రాకాసీ లేదు, గీకాసీ లేదు. చల్లటి చీకట్లో వరసగా కుండలు, లోపల నలుపు, బయట ఎరుపు. ఎన్ని తరాలయిందో, ఆ నునుపు చెడలేదు. రాజుగారి వజ్రాలు ఎవరెత్తుకుపోయారో గానీ, కుమ్మరోళ్ళ కుండ మాత్రం ఆయన పక్కనే ఉంది. ఆ పనితనానికి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

లేవబోతుంటే మట్టిలోంచి లావాటి పెంకొకటి కాలికి తగిలింది. తీసి, నేల మీద పెట్టి, దాని వంపు వెంట గీత గీసింది. జరిపింది, గీసింది. జరిపింది, గీసింది. గీత గుండ్రంగా తిరిగి మొదటికొచ్చింది. మధ్యలో తను కూర్చుంటే ఇంకా చోటు మిగిలింది.

ఇంటికొచ్చి పెంకు చూపిస్తే, అది రాకాసి గంజి తాగిన మూకుడు కాబోలని అత్త నవ్వింది. పోలయ్య మాత్రం తిప్పితిప్పి చూశాడు. పైనా అంచే, కిందా అంచే.

"అడుగు లేని కుండ ఏంటి మామా? ఇది మట్టి కూలకుండా బావిలో దించిన ఒర," అంది పేరిందేవి.

పెంకు దొరికినచోట తవ్వుదామంటే ఊరి పెద్దమనుషులు ఒప్పుకోలేదు. అక్కడ గునపమేస్తే దయ్యాలు ఊరి మీద పడతాయన్నారు. ఎప్పుడూ నోరెత్తని పిల్ల అప్పుడు నోరెత్తింది.

"పక్కన నీళ్ళకుండలు పెట్టుకుని పడుకున్నవాళ్ళు దయ్యాలెట్లా అవుతారు తాతా? మనలాగే దాహమయ్యే మనుషులు."

పోలయ్య గునపం తీశాడు. ఆయన్ని చూసి నలుగురు, నలుగుర్ని చూసి నలభైమంది. తవ్వితే ఒర కింద ఒర, ఒర కింద ఒర. ఎక్కడా బీట లేదు. ఏడో ఒర దగ్గర మట్టి చల్లగా తగిలింది, తొమ్మిదో ఒర దగ్గర నీళ్ళూరాయి. ఆ ఒర మీద చేసినవాడి వేలిముద్ర ఉంది. పోలయ్య తన వేలు అందులో పెట్టి చూసుకుంటే అతికినట్టు సరిపోయింది. ఆయన కళ్ళలోనూ నీళ్ళూరాయి.

బండెక్కిన సారె దిగింది. నీళ్ళొచ్చాయి, మట్టి నానింది, సారె తిరిగింది, కుండ లేచింది, కూడుడికింది. పేరిందేవి తన ఇంట్లో, తన మంచం మీద ఆడపిల్లని కంది. పురిటిస్నానానికి ఆ బావి నీళ్ళే కాచింది అత్త.

ఆ నీళ్ళతో చేసిన మొదటి కుండ నిండా నింపి, రాజుల సమాధి ముందు పెట్టొచ్చారు. అప్పట్నించీ అటువైపు ఎవరూ పాటిమట్టి తవ్వలేదు. అందుకే అంటా, పగిలిన పెంకైనా సరే, పారేసేముందు దాని వంపు చూడాలి.

కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పటి ముసుగు పెట్టండి.