తొర్రలో మిగిల్చిన మందు

ఎర్రగుట్టల అడవిలో దుప్పులు, కుందేళ్ళు, ఎలుగుబంట్లు, ముళ్ళపందులు ఇరుగుపొరుగుగా బతికేవి. ఆ అడవికంతటికీ వైద్యుడు ఒక్కడే, ఎలుగుబంటి గుబురయ్య. ఆయన దగ్గరున్న మందూ ఒక్కటే, ఎర్రబంక. పుండుకీ అదే, జ్వరానికీ అదే, ఆఖరికి అజీర్తికీ అదే.

ఏడు రోజులు వాడాల్సిన బంకను గుబురయ్య రెండో రోజుకే ఆపించేవాడు. జ్వరం దిగాక ఇక మందెందుకు దండగ అనేవాడు. మిగిలిన ముద్దను రోగి ఇంటి పక్క చెట్టు తొర్రలో పెట్టించేవాడు. తర్వాత ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా అందులోంచి ఓ చిటికెడు తీసుకోవచ్చు. ఈ ఆచారం తనే పెట్టానని ఆయనకు ఎంత గొప్పో! వాగులో నీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళను కూడా ఆపి మరీ చెప్పుకునేవాడు.

ముళ్ళపంది సూదమ్మకు మాత్రం ఇది నచ్చేది కాదు. ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో ముందు చూసుకోవాలని ఒకసారి అంది. నా బంకకే పరీక్షా అంటూ గుబురయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్కనున్న కుందేళ్ళూ నవ్వాయి.

ఆ వానాకాలం గుబురయ్య కూతురు నేరేడు కాల్లో తుమ్మముల్లు దిగింది. పుండు చీము పట్టింది. తండ్రి బంక రాశాడు, మింగించాడు. తగ్గలేదు. రెట్టింపు ఇచ్చాడు. మూడో రోజుకు కాలు మోకాలిదాకా వాచిపోయి, పిల్ల కళ్ళు తెరవడమే మానేసింది. తన బంక పనిచేయకపోవడమేమిటి?  గుబురయ్య కూతుర్ని భుజాన వేసుకుని, సిగ్గు విడిచి సూదమ్మ గడప తొక్కాడు.

సూదమ్మ ఎత్తిపొడవలేదు. మోదుగాకు మీద చిక్కటి జావ పోసి గడ్డకట్టనిచ్చింది. నేరేడు పుండులోని చీమును దూదితో తీసి ఆ జావమీద పలచగా పూసింది. ఎర్రబంకతో సహా మూడు మందుల రసాల్లో ఒక్కో ఆకు ముక్కను నానబెట్టి, ఆ జావమీదే దూరం దూరంగా పెట్టింది. క్రిములు జావ తిని తెల్లగా పెరుగుతాయనీ, మందుకు లొంగే క్రిములైతే ఆ ముక్క చుట్టూ పెరగలేవనీ, అక్కడ జావ గుండ్రంగా ఖాళీగా మిగులుతుందనీ చెప్పింది. రేపటిదాకా ఆగాలంది. ఆ ఒక్కరోజు గుబురయ్యకు ఏడాదిలా గడిచింది.

మర్నాడు ఆయన ఆకు మీదికి వంగి చూశాడు. ఎర్రబంక ముక్క చుట్టూ ఖాళీ అన్నదే లేదు. క్రిములు ముక్కను ఆనుకుని, దాని అంచుమీదికి కూడా ఎక్కి పెరిగాయి. రెండోదాని చుట్టూ దారమంత సన్నటి వలయం ఉంది, అది చాలదంది సూదమ్మ. కొండచేదు తీగ ముక్క చుట్టూ మాత్రం వెడల్పాటి వలయం శుభ్రంగా ఉంది. ఆ తీగను చేదని గుబురయ్య ఏనాడూ ముట్టలేదు.

"పోయినేడు ఇదే బంక కుందేలు పుండును రెండు రోజుల్లో మాన్పింది కదా," అన్నాడు గుబురయ్య.

"మొదటి రెండు రోజుల్లో చచ్చేవి మెత్తని క్రిములు, అన్నా. మొండివి చివర్లో చస్తాయి. ఆ చివరిదాకా నువ్వు ఎవరినీ వాడనివ్వలేదు. మిగిలిన మొండివే పిల్లల్ని పెట్టుకుంటూ అడవంతా పాకాయి," అంది సూదమ్మ.

అంటే తన బిడ్డను తినేస్తున్న క్రిముల్ని ఇన్నాళ్ళూ పెంచింది తనేనా? 

కొండచేదు రసం మొదలుపెట్టారు. మూడో రోజుకు నేరేడు లేచి తేనె అడిగింది, ఇక ఆ చేదు వద్దని ఏడ్చింది. గుబురయ్య చెయ్యి అలవాటుగా రసం గిన్నెకు మూత పెట్టబోయింది. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. పిల్లతోపాటు తనూ ఏడుస్తూ, ఏడు రోజులూ చివరి చుక్కదాకా తాగించాడు. నేరేడు బతికింది. కాలు మాత్రం కుంటిదైపోయింది.

తర్వాత గుబురయ్య చెట్టు చెట్టుకూ తిరిగి తొర్రల్లోని బంక ముద్దలన్నీ ఏరాడు. ఆఖరి తొర్ర తన గుహ పక్కదే. అందులోని ముద్ద మీద బుల్లి పంటిగాట్లు ఉన్నాయి. పోయినేడు నేరేడు జ్వరానికి ఇచ్చి, రెండో రోజున ఆపించి, తనే దాచిన ముద్ద అది. గుబురయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వెనకాలే కుంటుకుంటూ వచ్చిన నేరేడు, అదేమిటి నాన్నా అని అడిగింది.

"ఇదా తల్లీ, నా గొప్పతనం," అన్నాడు గుబురయ్య.

నీతి: ఏ మందు పనిచేస్తుందో పరీక్షించి తెలుసుకోవాలి; మొదలుపెట్టిన మందును చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడాలి.