రెండవ పీఠం

రాజులేని కోనసింగ దేశాన్ని ప్రతినిధుల సభ పాలించేది. జనం ఎక్కువున్న మండలానికి పీఠాలు ఎక్కువ ఇవ్వడం అక్కడి కట్టుబాటు. అందువల్ల ఒక పెద్ద మండలానికి దొర అయిన వీరభూపతికి ఒక పీఠం, ఆయన బావమరిదికి మరొక పీఠం దక్కాయి.

ఒకనాడు వీరభూపతి పొలాల్లో వెట్టిచేసే పోలి సభ మధ్యకు వచ్చి నిలిచింది.

"అయ్యలారా, దొరగారు నా కూతుర్ని వర్తకుడికి అమ్మబోతున్నారు. ఆపించండి."

వీరభూపతి మండిపడ్డాడు. "ఈ సభ మనుషుల మొర వింటుంది. వెట్టివాళ్లు నా సొత్తు. నా ఎద్దు వచ్చి మొరపెట్టుకుంటే వింటారా? గెంటండి దీన్ని!"

భటుడు కదిలాడు. పోలి కదలలేదు.

"అలాగే పోతాను దొరా. ముందు ఆ పీఠంలో కునుకు తీస్తున్న మీ బావమరిదిగారిని లేపండి. మా వెట్టివాళ్ల తలలు కూడా లెక్కపెట్టబట్టే కదా ఆ పీఠం వచ్చింది? ఎద్దులకూ పీఠాలిస్తారంటే తక్కిన మండలాలవాళ్లు తమ మందలను తోలుకొస్తారు."

"మాకూ ఎద్దులున్నాయి!" అని పొరుగు మండలం ప్రతినిధులు లేచారు.

సభాపతి చెయ్యెత్తాడు. "వీరభూపతిగారూ, ఈమె మనిషా, ఎద్దా? ఒక్కటే చెప్పండి."

బావమరిది ఉలిక్కిపడి లేచి పీఠం చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"మనిషే," అని గొణిగాడు వీరభూపతి.

"మనిషి బిడ్డను అమ్మనిచ్చే చట్టం మనకు లేదు. అమ్మకం చెల్లదు. నీ మొర పూర్తిగా చెప్పమ్మా."

"చెబుతానయ్యా. కానీ మనుషులందరూ ఇక్కడ కూర్చునే మాట్లాడుతున్నారు," అంటూ పోలి రెండవ పీఠం వైపు నడిచింది.