కొలవని పులుపు

సికింద్రాబాద్ లాలాగూడలో ఎలీషా అని ఒక రైల్వే మెకానిక్ ఉండేవాడు. చేతికి అలవాటైన పనిని మళ్ళీ సరిచూసుకోవడమంటే ఆయనకు చిన్నతనం. ఏం గొప్పో మరి!

ఏటా క్రిస్మస్‌కు ఇంట్లోనే బార్లీ బీరు తయారుచేసేవాడు. నేర్పింది పక్కింటి బర్నబాసు. మొలకెత్తించి, ఎండబెట్టి, మరపట్టిన బార్లీని ముందు వేడినీళ్ళలో నానబెడతారు. అందులో పులుపు కుదిరితేనే బీరు కుదురుతుంది. వాళ్ళ వీధి బోరు నీళ్ళు గిన్నెలకు తెల్లగా గార కట్టే రకం, పులుపును ఇట్టే మింగేసేవి. అందుకని బర్నబాసు నిమ్మ ఉప్పు కలిపేవాడు. కలిపే ముందూ, కలిపాకా పులుపును బట్టి రంగు మారే కాగితం ముంచి చూసేవాడు.

"రెండు చెంచాలు వేస్తే సరిపోయేదానికి ఇంత తతంగమా అన్నా?" అని ఎలీషా నవ్వేవాడు.

ఒక ఏడు బర్నబాసు గొంతులో పుండు లేచింది. పెద్ద రోగమేనన్నారు డాక్టర్లు. వైద్యం మొదలయ్యాక నాలుకకు రుచి తెలియకపోవచ్చని కూడా చెప్పారు. ఆయన తన డాబా మీద ఆరబెట్టుకున్న బార్లీ సంచి తెచ్చి ఎలీషా చేతిలో పెట్టాడు.

"ఇంతే మిగిలింది తమ్ముడూ. నాకిక ఓపిక లేదు, నువ్వే చేసిపెట్టు. రుచి తెలిసుండగా ఒక్క గ్లాసు తాగి ఆసుపత్రికి వెళ్తాను" అన్నాడు.

"దిగులుపడకన్నా, నేను లేనూ?" అన్నాడు ఎలీషా.

ప్రేమగానే మొదలుపెట్టాడు, అది ఒప్పుకోవాలి. అయితే ఆ వారమే బోరు మోటారు కాలిపోయి, వీధికి ట్యాంకరులో నది నీళ్ళు వచ్చాయి. భార్య సువార్త కాగితాల పొట్లం తెచ్చి, "నీళ్ళు మారాయి కదండీ, ఒకసారి ముంచి చూడండి" అంది.

"నాకు చెప్తున్నావా? ఇన్నేళ్ళ చెయ్యి ఇది" అంటూ ఎప్పటిలాగే రెండు చెంచాలూ వేసేశాడు. గార కట్టని ఆ నీళ్ళకు అందులో సగం కూడా అక్కర్లేదు. కాగితం ముంచి ఉంటే ఆ సంగతి అప్పుడే తెలిసేది.

ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు సీసా తెరిచారు. బర్నబాసు ఆశగా ఒక గుక్క తాగాడు. పుండు పడిన గొంతును ఆ పులుపు కోసేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసు మెల్లగా పక్కన పెట్టి, "బాగానే ఉంది తమ్ముడూ, నాకే సహించలేదు" అన్నాడు.

ఎలీషా అదే గ్లాసు అందుకుని తాగి చూశాడు. పళ్ళు జివ్వుమన్నాయి. మళ్ళీ చేద్దామంటే బార్లీ లేదు, వ్యవధీ లేదు.

బర్నబాసు బతికి బయటపడ్డాడు. మరుసటి క్రిస్మస్‌కు ఎలీషా కాగితం ముంచి ముంచి చూసి, చిటికెడు చిటికెడుగా నిమ్మ ఉప్పు కలిపి బీరు చేశాడు. అంత చక్కగా అదివరకెన్నడూ కుదరలేదు. బర్నబాసు గ్లాసంతా తాగాడు.

"ఎలా కుదిరింది తమ్ముడూ? నువ్వే చెప్పాలి. నాకు మంచినీళ్ళలాగే ఉంది" అన్నాడు.

ఎలీషా గోడవైపు తిరిగి ఏడ్చాడు.

నీతి: ఎంత అలవాటైన పనినైనా ప్రతిసారీ సరిచూసుకునే చేయాలి, చేసిన తప్పును దిద్దుకునే అవకాశం అన్నిసార్లూ దొరకదు.