గీత బయట కొంగ

రేలవాగు ఒడ్డున ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ముళ్లపందులు, ఒళ్లంతా పొలుసులుండే అలుగులు, ఉడుములు, దుప్పులు, ఒక గడుసు నక్క కాపురముండేవి. ఎండలు ముదిరితే వాగులో ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు. గోళ్లున్న జంతువులు ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్లు తాగేవి. తవ్వడం చేతకాని దుప్పులు నాలుకలు బయటపెట్టి చూస్తూ నిలబడేవి.

సూరమ్మ అనే ముళ్లపందికి అది చూస్తే జాలేసేది. అందరి కోసం చెలమలు తవ్వుదామని అలుగునూ ఉడుమునూ కూడగట్టింది. నీళ్లు తాగేవారు తలో పండో దుంపో తెచ్చిపెడతామన్నారు. తీరా చూస్తే తడి ఉన్న చోట పెద్ద బండ అడ్డం పడి ఉంది. ముగ్గురూ ఎంత నెట్టినా అది కదల్లేదు. ఆ దారిన వచ్చిన ఏనుగవ్వ దాన్ని పక్కకు దొర్లించి పుణ్యం కట్టుకుంది.

ఏనుగవ్వ మందతో కొండ అవతలికి మేతకు పోతూ ఒక్క కోరిక కోరింది. "మీరు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు నా వీపు మీద ఎన్నో వాగులు తిరిగిన ఈ కొంగను పక్కన నిలబడనివ్వండి. అది చెప్పేది వినండి. ఏం చేయాలో మాత్రం మీరే తేల్చుకోండి."

వాగు దిగువన నక్క కూడా చెలమ పని మొదలుపెట్టింది. ఏనుగవ్వ పోయేముందు దానికీ సాయం చేస్తానని, ఇంకో కొంగను పంపుతానని చెప్పి చూసింది. తన పనిలో ఇంకొకరు తల దూరిస్తే తనకు పడదని నక్క మూతి తిప్పుకుంది.

సూరమ్మ వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే ఇసుకలో గుండ్రంగా గీత గీసి, చుట్టూ కూర్చునేవాళ్లు. ఒప్పుకున్నవాళ్లు గీత లోపల ముందుకాలు పెట్టాలి. ముగ్గురిలో ఇద్దరి కాళ్లు పడితే పని ఖాయం. కొంగ మాత్రం గీతకు దూరంగా ఒంటికాలి మీద నిలబడి వినేది. కాలు పెట్టే హక్కు దానికి లేదు.

అయినా సూరమ్మకు దాన్ని చూస్తే ముళ్లు నిక్కబొడుచుకునేవి. ఇక్కడి మాటలు అక్కడికి మోస్తుందేమోనని లోలోపల అనుమానం. ఒకరోజు పొద చాటు నుంచి నక్క గొంతు వినిపించింది. సూరమ్మ వాళ్లు రేపు ఎక్కడ తవ్వుతారో చెబితే చేపలు పెడతానని అది కొంగను బతిమాలుతోంది.

"గీత దగ్గర విన్న మాట గీత దాటదు నక్కా," అంది కొంగ.

సూరమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఆ రోజు నుంచి కొంగను మామా అని పిలవసాగింది.

ఎండలు మండిపోయాయి. పక్క అడవుల దుప్పులు కూడా మందలు మందలుగా వచ్చాయి. నక్క ఒకటే పెద్ద గొయ్యి తవ్వి అందరినీ తనవైపు లాక్కుంటోంది. ఇలాగైతే తమ పని మూలపడుతుందని సూరమ్మకు గుబులు పట్టుకుంది. చిన్న చెలమలు పూడ్చేసి అంతకంటే పెద్ద గొయ్యి తవ్వుదామని, అందరికంటే ముందు తనే గీతలో కాలు పెట్టింది. అలుగు కూడా కాలు ఎత్తింది.

"ఒక మాట అడగనా?" అంది కొంగ. "అంత లోతు గోతి అంచున ఇరవై దుప్పులు ఒక్కసారి వంగితే, ఇసుక ఎటు పోతుంది?"

అలుగు ఎత్తిన కాలును గాల్లోనే ఆపింది. ఏనుగు వీపు మీద తిరిగే రోజుల్లో వేరే వాగులో తాను చూసింది కొంగ చెప్పింది. అక్కడ అంచు విరిగింది. రెప్పపాటులో నీళ్లు పూడిపోయాయి. ఒక దుప్పిపిల్ల అడుగునే ఉండిపోయింది. "చూసింది చెప్పాను. కాళ్లు మీవి," అని ఊరుకుంది.

సూరమ్మకు కోపం వచ్చింది. తను ముచ్చటపడి చెప్పిన ఆలోచన మరి. అయినా గీతలోంచి కాలు మెల్లగా వెనక్కి తీసుకుంది. ముగ్గురూ మళ్లీ మాట్లాడుకుని, దూరదూరంగా ఇంకో పది చిన్న చెలమలు తవ్వారు. అంచులు వాలుగా ఉంచారు.

మూడో రోజు నక్క గొయ్యి కూలింది. దుప్పులు ఎగిరి తప్పించుకున్నాయి. నక్క మాత్రం మెడదాకా ఇసుకలో కూరుకుపోయింది. సూరమ్మ వాళ్లే పరుగున వెళ్లి దాన్ని తవ్వి తీసి, తమ చెలమ దగ్గర నీళ్లు తాగించారు. మళ్లీ ఏ దుప్పీ నక్క వైపు వెళ్లలేదు. సూరమ్మ వాళ్ల ముంగిట్లో మాత్రం పండ్లకూ దుంపలకూ కొదవ లేకపోయింది.

తొలకరికి ఏనుగవ్వ తిరిగొచ్చింది. పని నిలబడింది కదా, ఇక నా కొంగను తీసుకుపోతానంది. సూరమ్మ కళ్లు చెమర్చాయి.

"అవ్వా, బండ తీశావు, ఆ మేలు మరిచిపోను. కొంగ మామను మా దగ్గర వదలడం అంతకన్నా పెద్ద మేలు. ఇంకొన్నాళ్లు ఉండనివ్వు. మామకు కాలు పెట్టే హక్కు లేదు. కానీ మామ రాకుండా మాలో ఎవరం కాలు పెట్టం."

ఏనుగవ్వ నవ్వి సరేనంది.

మరుసటి ఎండాకాలం నక్క మళ్లీ పనికి దిగింది. ఈసారి ఇసుకలో గోరు పెట్టకముందే, ఏనుగవ్వ వచ్చే దారిలో కాచుకుని కూర్చుని, తనకూ ఒక కొంగను ఇమ్మని చేతులు జోడించింది.

నీతి: నిర్ణయం మన చేతిలోనే ఉంచుకుని, నలుగురి పనులూ చూసినవారిని పక్కన ఉంచుకుంటే, మనకు కనబడని గొయ్యి ముందే కనబడుతుంది.