పొట్లకాయకు కట్టిన రాయి

వన్నూరుకు గురువు మీద అనుమానం పుట్టింది గడ్డి వల్ల.

దరియా షా అనే వృద్ధ ఫకీరు కొండ కింద ఒక ఖాన్ఖాలో ఉండేవాడు. ప్రార్థన చేసుకునే గది, వంటశాల, ఒక బావి. ఖాన్ఖా అంటే అంతే. చుట్టూ అంతా రాళ్లు. బావి పక్కన చిన్న మడిలో మాత్రమే మంచి మన్ను ఉంది. అందులో పొట్ల పందిరి వేయాలని శిష్యుడు వన్నూరు వేసవంతా అనుకున్నాడు. ప్రతి గురువారం కొండ మీది క్వారీ కూలీలు అక్కడికి అన్నానికి వస్తారు. రాతి దుమ్ము వదలని చేతులతో వాళ్లు కలుపుకునే పులుసులో ఒక్క ముక్క కనిపించదు. అది చూసినప్పుడల్లా వన్నూరుకు ఒళ్లు మండేది.

విత్తనాలకని పక్క ఊరికి వెళ్లి వచ్చేసరికి ఆ మడిలో గడ్డి ఉంది.

పశువులు మేసే గడ్డి కాదు. సన్నటి ఆకులు, వాటి పైన లేత ఊదారంగు పట్టుకుచ్చులు. బంగళాల ముందు పెంచే రకం. దరియా షా మోకాళ్ల మీద కూర్చుని, మొదళ్ల చుట్టూ మన్ను అదుముతున్నాడు.

"ఎవరు తెచ్చారు హజ్రత్?"

"కోదండం."

కోదండం క్వారీ యజమాని. కొండను సగం తిన్నవాడు. కొండతో పాటు కూలీల చెవులనూ ఊపిరితిత్తులనూ తిన్నవాడు.

"ఇది ఇచ్చి ఏం తీసుకుపోయాడు?"

"టీ తాగి పోయాడు."

వంటశాల గడపలో బియ్యం ఏరుతున్న చాంద్‌బీ అవ్వ నవ్వింది. "రెండు గ్లాసులు తాగినాడప్పా. అదీ లెక్కలో యేసుకో."

వన్నూరు నవ్వలేదు. పట్నంలో అతను జెండాలు మోశాడు, గోడల మీద నినాదాలు రాశాడు, లాఠీ దెబ్బలు తిన్నాడు. ఏ నాయకుడి వెనక నడిచాడో ఆ నాయకుడే ఒకరోజు కాంట్రాక్టరు కారులోంచి దిగడం చూశాడు. కొనడానికి వీల్లేని మనిషి లోకంలో ఒక్కడైనా ఉంటాడా అని వెతుక్కుంటూ ఈ ముసలాయన దగ్గరికి వచ్చాడు. ఈయన కూడా కాకపోతే ఇంక వెళ్లడానికి చోటు లేదు.

"హజ్రత్, దున్నేవాడిదే భూమి. ఆకలి ఉన్నచోట అందం ద్రోహం."

"మాట బాగుంది. ఎవరిది?"

వన్నూరు ముఖం ఎర్రబడింది. "ఎవరిదైతేనేం? నిజమా, కాదా?"

"చాలావరకు నిజమే. సగం మడి నువ్వు తీసుకో. పందిరి వేయి."

"ఆ మనిషి మీద మీకు అనుమానమే లేదా?"

"కోదండం మీద నాకూ అనుమానమే నాయనా," అన్నాడు దరియా షా. "గడ్డి మీద లేదు."

వన్నూరు నమ్మలేదు. అడిగినదాంట్లో సగం ఇచ్చి నోరు మూయించడం పెద్దవాళ్ల పాత పద్ధతి అని అతను చాలాచోట్ల చదివాడు.

సగం మడిలో పొట్ల గింజలు పెట్టాడు. ఎండుకొమ్మలు నరికి తెచ్చి పందిరి వేశాడు. తీగ పందిరి అందుకుంది. సాయంత్రాలు తెల్లటి పీచుల అంచులతో పూలు విచ్చుకునేవి. వాటిని చూసి వన్నూరు, కాయ ఎంత దిగుతుందో అంచనా వేసుకునేవాడు. పక్కన గడ్డి ఏమీ కాయకుండా గాలికి ఊగుతూ ఉండేది. రోజూ పొద్దున రెంటినీ పక్కపక్కన చూసి అతను మనసులోనే తీర్పు చెప్పేవాడు. తీర్పు రోజూ ఒకటే.

అనుమానం కూడా తీగలాగే పెరిగింది. కోదండం మళ్లీ వచ్చాడు. దరియా షా తలుపు దగ్గరికి వేశాడు. లోపల మాటలు వినబడలేదు. కాసేపటికి కోదండం విసురుగా బయటికి వచ్చి, కారు తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోయాడు.

'బేరం కుదరలేదేమో' అనుకున్నాడు వన్నూరు. నవ్వుతూ వెళ్లి ఉంటే కుదిరిందనుకునేవాడు.

పిందెలు దిగాయి. దిగిన పిందె దిగినట్టే మెలికలు తిరగసాగింది. ఏం చేయాలో తోచక చాంద్‌బీని అడిగాడు.

"కొనకు రాయి కట్టప్పా. బరువుకు అదే తిన్నంగా సాగుతాది. ఇంత సదువుకున్నావు, పొట్లకాయ ముకం ఎప్పుడూ సూడలేదా?"

వన్నూరు క్వారీ నుంచి దొర్లిన రాళ్ల పెచ్చులు ఏరి తెచ్చి, పురికొసతో ఒక్కో కాయ కొనకూ ఒకటి కట్టాడు. కాయలు నిటారుగా సాగాయి. దరియా షా వచ్చి పందిరి కింద నిలబడి చూశాడు.

"బరువు లేకపోతే వంకర తిరుగుతాయి హజ్రత్," అన్నాడు వన్నూరు. "కాయైనా, మనిషైనా."

దరియా షా ఒక రాయిని వేలితో మెల్లగా కదిపి చూసి, లోపలికి వెళ్లిపోయాడు.

ఆ గురువారం పొట్లకాయ కూర వండారు. కూలీలు పందిరి నీడన వరసగా కూర్చున్నారు. "ఏమి కూర, ఏమి కూర!" అని ఒకాయన వేళ్లు నాకుతుంటే వన్నూరు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ పుస్తకాల్లో చదివిన మాట ఒకటి పళ్లెంలోకి దిగినట్టు అనిపించింది.

అప్పుడే సుంకన్న కనిపించాడు.

సుంకన్న రాయికి బెజ్జాలు వేసే ముసలి కూలీ. పళ్లెం పట్టుకుని, అందరినీ దాటుకుని, పందిరికి వీపు తిప్పి గడ్డి ఎదురుగా ఎండలో కూర్చున్నాడు. ప్రతి గురువారం అంతే చేస్తున్నాడు. వన్నూరు గమనిస్తూనే ఉన్నాడు. మొన్న అదే మనిషి కోదండం జీపులోంచి దిగడం కూడా చూశాడు. ఈ రెండూ కలిపి చూడటానికి పెద్ద తెలివి అక్కర్లేదనుకున్నాడు.

వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, అక్కడ నీడ ఉంది కదా. ఇక్కడెందుకు?"

"ఊరికేనప్పా."

"ఊరికే ఎవరూ ఏమీ చేయరు. ఎవరు కూర్చోమన్నారు నిన్ను?"

సుంకన్నకు అర్థం కాలేదు. కలిపిన ముద్ద చేతిలో అలాగే ఉంది. "ఎవురు కూసోమంటారప్పా? ఊరికే కూసున్యా."

"ఆయన గడ్డి దగ్గరే కూర్చుంటావు. ఆయన జీపులోనే దిగుతావు. మేం ఇక్కడ మాట్లాడుకునేది ఎవరికి చేరుతుందో మాకు తెలియదనుకున్నావా?"

"కాలు వాచింటే డ్రైవరు ఎక్కిచ్చుకున్యాడప్పా," అన్నాడు సుంకన్న.

ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టాడు. బావి దగ్గర చేయి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, కుంటుకుంటూ కొండ దారి పట్టాడు.

పందిరి కింద అందరూ తలలు వంచుకుని గబగబా తిన్నారు. మారు వడ్డించమని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఇంత కూర మిగిలిపోయింది.

చాంద్‌బీ వచ్చి సుంకన్న పళ్లెం తీసింది. "అన్నం ముందర నుంచి మనిషిని లేపినావు గదప్పా," అంది.

"నేనేం లేపలేదు అవ్వా. ఒక ప్రశ్న అడిగాను."

దరియా షా గది గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఆ మౌనం మీద కూడా వన్నూరుకు అనుమానమే వచ్చింది.

మర్నాడు పొద్దున వన్నూరు నీళ్లు తోడటానికి వచ్చేసరికి, గురువు గడ్డి దగ్గర వంగి ఏదో చేస్తున్నాడు. చేతిలో పురికొస. దాని కొనకు పొట్లకాయకు కట్టిన రాళ్లలో ఒకటి. దాన్ని ఒక ఊదారంగు కుచ్చుకు జాగ్రత్తగా ముడివేసి వదిలాడు. కుచ్చు ఒక్కసారిగా వంగి నేలను తాకింది. కాడ నడుమ చిన్న చప్పుడుతో విరిగింది.

"హజ్రత్!" వన్నూరు బొక్కెన వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నారు?"

"ఎప్పుడు చూసినా ఊగుతోంది నాయనా. తిన్నగా చేద్దామని."

"ఇది పొట్లకాయా హజ్రత్? బరువు కడితే విరగదా?"

"విరుగుతుందా?"

ముసలాయన విరిగిన కాడను కాసేపు చూశాడు. ఓపికగా ముడి విప్పాడు. రాయిని వన్నూరు అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"నాకేం తెలుసు? రాయి నీది," అన్నాడు. "ఎవరెవరికి కట్టావో ఒకసారి చూసుకో."

లోపలికి వెళ్లిపోయాడు.

వన్నూరు ఆ రాయితో చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత చాంద్‌బీని అడిగి గిన్నెలో అన్నం, పొట్లకాయ కూర పెట్టించుకుని కొండ ఎక్కాడు. క్వారీలో దుమ్ము. దుమ్ములో సుంకన్న. పక్క మనిషి మాట వినబడనంత మోత. అనుకుని వచ్చినవేవీ అక్కడ చెప్పడానికి వీలు కాలేదు. గిన్నె చాచాడు. సుంకన్న తీసుకుని పక్కన పెట్టుకున్నాడు. పనిలోంచి తల ఎత్తలేదు.

ఆ వచ్చిన గురువారం సుంకన్న రాలేదు. మరో కూలీ చేత కడిగిన గిన్నె మాత్రం పంపించాడు.

తర్వాతి గురువారం మధ్యాహ్నం కూలీలు ఇంకా రాకముందే వన్నూరు గడ్డి ముందు కూర్చున్నాడు. చేతిలో పుస్తకం లేదు, కొడవలి లేదు. ఆ విరిగిన కుచ్చు నేల మీదే వాలి ఉంది. మిగతావి గాలికి ఒక పక్కకు ఒరిగి, మళ్లీ లేస్తున్నాయి.

వెనక కుంటి అడుగుల చప్పుడు వచ్చి ఆగింది.

"ఏం జేస్తాండావప్పా ఈడ?"

వన్నూరు నోటికి చాలా మాటలు వచ్చాయి. ఒక్కోటి ఎవరిదో అతనికి గుర్తే.

"ఊరికే," అన్నాడు.

సుంకన్న అతని ముఖం వైపు అనుమానంగా చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత వాచిన కాలు జాగ్రత్తగా ముందుకు చాపుకుని, పక్కన కూర్చున్నాడు.