ఎనిమిదో లెక్క

మృదంగం అప్పలాచారి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా ధర్మసందేహం తెస్తే జవాబు చెప్పేవారు కారు. చిన్నపిల్లల క్లాసు వాడికి అప్పగించి, తాను వక్కపొడి నములుతూ గోడవార కూర్చునేవారు. ఈ సంగతి తెలిసిన శిష్యులు తమ సందేహాలను ఇంటి దగ్గరే వదిలి వచ్చేవారు.

నీలాద్రికి ఆ జాగ్రత్త ఎక్కడిది? ఆ ఉదయం వాడి కాళ్లు నేలమీద లేవు. వాడు బాణీ కట్టిన ప్రకటన పదిహేను రోజులుగా విజయనగరంలో ఏ టీవీ చూసినా, ఏ ఫోను విన్నా మోగిపోతోంది. కంపెనీది విస్కీ వ్యాపారం. మద్యానికి ప్రకటన ఇవ్వకూడదు గనుక అదే పేరు పెట్టి సోడా సీసా చూపిస్తారు. ఇకమీద ఏడాదిపాటు బాణీలన్నీ నువ్వే కట్టాలంటూ వాళ్లు ఒప్పందం పంపారు. సాయంత్రంలోగా సంతకం పెట్టాలి. పదేళ్లు కచేరీల్లో ఓ మూల కూర్చుని వాయించినవాడికి ఇది మాటలా!

"ఆదితాళం గురువుగారూ! ఏడు లెక్కలు పాట, ఎనిమిదో లెక్క ఖాళీ. ఆ ఖాళీలో సీసా మూత టప్పుమని ఊడుతుంది. జనం ఊగిపోతున్నారండి!" అన్నాడు. అని, కాస్త గొంతు తగ్గించాడు. "మా అమ్మ మాత్రం సంతకం వద్దంటోంది. నేను కట్టింది సోడాకే కదండీ. బాణీకి కూడా పాపం అంటుతుందా?"

"పిల్లలొచ్చారు. వెళ్లి తాళం చెప్పు," అన్నారు ఆచారి గారు.

పన్నెండు మంది పిల్లలు. ఎవరికీ తొమ్మిదేళ్లు దాటలేదు. ఒకడు పరుగెత్తుతాడు, ఒకడు అదే వేలు రెండుసార్లు లెక్కపెడతాడు. భవాని అనే పిల్లయితే మూడో వేలు వచ్చేసరికి కిటికీలోంచి బయటకు చూస్తూ ఉంటుంది. మూడు నెలలుగా ఇదే తంతు. అరగంటలో నీలాద్రి చొక్కా తడిసిపోయింది.

అంతలో విసుగెత్తిన భవాని ఏదో కూనిరాగం అందుకుంది. నీలాద్రి గుండె ఎగిరి గంతేసింది. అది వాడి బాణీయే! పక్కవాడు గొంతు కలిపాడు, ఆపైన అందరూ. ఇక ఆగుతాడా? మృదంగం ఒళ్లోకి లాక్కుని వాయించేశాడు. పిల్లలు తొడలు చరుస్తూ, నవ్వుతూ గది ఎగిరిపోయేలా పాడుతున్నారు. అంత సంతోషం వాడు ఏ కచేరీలోనూ ఎరగడు.

ఏడో లెక్క అయింది. ఎనిమిదో లెక్కకు గది మూగబోయింది. పన్నెండు చేతులు ఒక్కసారిగా లేచాయి. పన్నెండు బొటనవేళ్లు పెదవులకు ఆనాయి, తలలు వెనక్కి వాలాయి. మళ్లీ పాట మొదలు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నీలాద్రి చేతులు ఆగిపోయాయి గానీ పిల్లలు ఆగలేదు.

"ఏం పాటమ్మా అది?" అని అడిగాడు.

"మందు పాటండి. మీకు రాదా?" అంది భవాని.

నీలాద్రికి తలెత్తాలంటే సిగ్గేసింది. ఎలాగో గురువుగారి వైపు చూశాడు. ఆచారి గారి ముఖంలో కోపం లేదు.

"ఒక్కరూ తాళం తప్పలేదు, చూశావా," అన్నారు. "నలభై ఏళ్లుగా చెబుతున్నాను నాయనా, నా వల్ల ఎన్నడూ కాలేదు."