బడి మానుటకు కారణం

మనోహరస్వామి సార్‌కు ఒక అలవాటు ఉంది. మేం జూనియర్లం సెక్షన్ అడిగితే పుస్తకం తీసి చూపిస్తారు. దారి అడిగితే మాత్రం ఏదో పాత కేసు చెబుతారు. కరీంనగర్‌లో ముప్పయ్యేళ్లుగా విడాకుల కేసులు వాదిస్తున్న మనిషికి పాత కేసులకేం కరువు? ఓడినవి నవ్వుతూ చెబుతారు. గెలిచినవి చెప్పడం అరుదు.

ఆ రోజు నా తోటి జూనియర్ సుజన అడిగింది. ఆమె క్లయింటు బయట వరండాలో కూర్చొని ఉంది. విడాకుల కేసు నడుస్తుండగానే భర్త మాటమాత్రం చెప్పకుండా ఇద్దరు పిల్లలనూ సూరత్ తీసుకుపోయి నాలుగు రోజులైంది.

"హైకోర్టుల హెబియస్ కార్పస్ వెయ్యాల్నా సార్, గార్డియన్ పిటిషన్ వెయ్యాల్నా? లేకుంటే ఇక్కడి కేసులనే మధ్యంతర కస్టడీ అడగాల్నా? ఏది ముందు?"

"సిరిసిల్లల భూలక్ష్మి అని ఒకామె ఉండె," అన్నారు సార్.

భూలక్ష్మి బీడీలు చుట్టేది. భర్త రాజేశం మరమగ్గాల మీద పనిచేసేవాడు. వాళ్ల విడాకుల కేసు కోర్టులో ఉండగానే, రెండో తరగతి చదివే కూతురు మౌనికను అతను బడి నుంచి అటే షోలాపూర్ తీసుకుపోయాడు. భూలక్ష్మి ఆలస్యం చేయలేదు, పిల్లను తనకు ఇప్పించమని వారంలోనే పిటిషన్ వేయించింది. ఆలస్యం చేయడం కోర్టు వంతు. ఒకసారి నోటీసు అందలేదు, ఒకసారి జడ్జి సెలవు, ఆపైన అవతలివాళ్లు కౌంటరు వేయడానికి గడువు మీద గడువు. ఐదు నెలలు అట్లాగే గడిచాయి. ఈలోగా పిల్లకు ముందుపళ్లు ఊడి కొత్తవి వచ్చాయట. ఆ సంగతి తల్లి ఫోనులో విన్నది.

ఆరో నెలలో షోలాపూర్ నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, టీసీ లేదని పిల్లను పరీక్షకు కూసోనిస్తలేరు. ఏడాది పోయేటట్టున్నది."

మర్నాడు బడి తెరవకముందే భూలక్ష్మి గేటు దగ్గర నిలబడింది. తన వకీలును అడగాలని ఆమెకు తోచలేదు. పిల్ల చదువు నిలబడుతుందంటే సంతకం పెట్టడానికి ఏ తల్లి వకీలును అడుగుతుంది? టీసీ దరఖాస్తులో 'బడి మానుటకు కారణం' అన్న గడి ఖాళీగా ఉంచకూడదన్నాడు గుమస్తా. ఆమె తన చేత్తోనే 'తండ్రి వద్ద చదువుతున్నందున' అని రాసింది. టీసీతో పాటు రెండు రిబ్బన్లు కూడా కవరులో పెట్టి రిజిస్టరు పోస్టులో పంపింది.

ఆ దరఖాస్తు నకలు కోర్టులో తేలింది. రాజేశం వకీలు బోనులో ఉన్న ఆమెకు దాన్ని చూపించాడు.

"ఈ రాత నీదేనా?"

"నాదే సార్."

"ఎవరన్న బెదిరించి రాయించిన్రా?"

"లేదు సార్. పిల్ల సదువు పోతదని..."

"అడిగినదానికే చెప్పు. బెదిరించిన్రా, లేదా?"

"లేదు."

తల్లి సమ్మతితోనే పిల్ల అక్కడ చదువుతున్నదనీ, కుదురుకున్న పిల్లను కదిలించడం మంచిది కాదనీ ఉత్తర్వు వచ్చింది. భూలక్ష్మికి దక్కింది వేసవి సెలవుల్లో పది రోజులు. చెప్పకుండా ఎత్తుకుపోయినవాడిది బాధ్యత అయింది, చదువు ఆగకూడదనుకున్న ఆమెది ఒప్పుకోలు అయింది.

"అంత పాపానికి ఒడిగట్టిన ఆ రాజేశం వకీలు ఎవరు సార్?" అంది సుజన.

"నేనే," అన్నారు సార్.

సుజన మెల్లగా అడిగింది. "మరి ఆడబిడ్డతోని ఆ ఫోన్ చేయించింది ఎవరు సార్?"

సార్ వరండాలోని ఆమె వైపు చాలాసేపు చూశారు.

"ఏది వేసినా ఇయ్యాల్నే వెయ్," అన్నారు. "వేసినంక ఆమెను ఒంటరిగ ఇడువకు. ఆమెది తల్లి మనసన్న ముచ్చట నువ్వు మరిచినా, అవతలి వకీలు మరువడు."